చిటికెన వేలికి తోడు

ఆ వానాకాలం మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్న సరుకు ఇది: నాటకాలకూ సభలకూ మైకులు, స్పీకర్లు, కీబోర్డులు అద్దెకిచ్చే ఒక షాపు, అందులో మూల సొట్టపోయిన, కరెంటుతో పలికే ఒక స్టేజ్ పియానో, పని ఉన్నా లేకపోయినా రోజూ వచ్చి నా కుర్చీలో కూర్చునే ఒక బావమరిది, పాటల నాటకాల కంపెనీలో పియానో వాయించే భార్య, ఆ భార్య కుడిచేతికి, చెప్పిన మాట వినని రెండు వేళ్ళు. ఇవి కాక నాకు రెండు చెవులున్నాయి గానీ వాటిని సరుకులో కలపలేదు. స్పీకరు చిరిగితే చెప్పగలవు, అంతకు మించి పనికొచ్చేవి కావు. పెళ్ళయినప్పటి నుంచీ మా ఆవిడ వాయించిన ప్రతి నాటకానికీ వెళ్ళాను. వెళ్ళి, హాల్లో ఎన్ని కుర్చీలు నిండాయో చూసుకుని వచ్చేవాణ్ణి.

వేళ్ళ సంగతి ముందు చెప్పాలి. ఎండలు ముదురుతుండగా షాపులో పై అరలోంచి పియానో కవరు తీయబోయి ఆమె స్టూలు మీంచి పడింది. మోచెయ్యి విరిగింది. ఎముక బాగానే అతుక్కుంది కానీ అక్కడ నరం నలిగి, ఉంగరం వేలూ చిటికెన వేలూ మొద్దుబారిపోయాయి. నరం దాని తీరికను బట్టి కోలుకుంటుందనీ, మనం చెయ్యాల్సిందల్లా ఆ వేళ్ళకి పని చెప్పడమేననీ, వాటిని మాత్రం సుఖపెట్టొద్దనీ డాక్టరు చెప్పాడు. పిసకమని ఒక స్పాంజి బంతి ఇచ్చాడు.

పియానో మీద కుడిచేతికి పై అంచున ఉండేవి ఆ రెండు వేళ్ళే. పాట వరస చాలావరకు వాటి మీదే నడుస్తుంది. మిగతా వేళ్ళు కింద నిలబడి దాన్ని మోస్తాయి. ఇంట్లో ఆమె సాధన చేస్తుంటే, ఊరేగింపులో అందరూ వచ్చి అసలు మనిషి రానట్టుండేది. ఆ మాత్రం నాకూ తెలిసింది.

తొలి వానలో కంపెనీ డైరెక్టరు గొడుగు ముడుచుకుంటూ షాపుకొచ్చాడు. రిహార్సల్లో ఎవర్ని ఆపాలన్నా మెడలోని విజిల్ ఊదుతాడు కాబట్టి ఆయన్ని అందరూ విజిల్ అనేవారు, వెనకాల. కొత్త నాటకమంతా ఒక పాత అద్దె ఇంట్లో జరుగుతుందట. పియానో సౌండు నిగనిగలాడకూడదట. గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టు, చెమ్మపట్టినట్టు, ఏళ్ళ తరబడి ఎవరూ శ్రుతి చూడనట్టు ఉండాలట. అదంతా చెప్పి, మా ఆవిడ వైపు తిరిగి, చెయ్యి పూర్తిగా తగ్గిందిగా అని మెల్లగా అడిగాడు. ఆమె ఆ చేతిని కౌంటరు కిందికి జార్చి తగ్గిందంది. మంచిదన్నాడు. ఫుల్ రిహార్సల్ నాడు డాన్సు స్కూల్లో పియానో వాయించే అమ్మాయిని కూడా వచ్చి కూర్చోమన్నానని, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో అన్నాడు.

"ఎందుకైనా మంచిదని" అన్నాడు.

ఆ మాట అర్థం నాకు తెలుసు. పక్క షాపులో కూడా ఒకసారి ధర కనుక్కుంటామని వెళ్ళేవాళ్ళందరూ ఆ మాటే అని వెళ్తారు.

మా బావమరిదికి ఇంట్లో పేరు చెవులపిల్లి. చెవులు పెద్దవి, వినికిడి అంతకంటే పెద్దది. ఏ గదిలో ఏ కుళాయి కారుతోందో మంచం మీంచే చెప్పేవాడు. కీబోర్డుల్లోకి కొత్త సౌండ్లు తయారుచెయ్యడం అతని పని. మెషీనుతో వచ్చే సౌండ్లు రెడీమేడ్ చొక్కాలనీ, అందరికీ పడతాయి గానీ ఎవరికీ కుదరవనీ, తను మాత్రం కొలతలు తీసుకుని కుడతాననీ చెప్పుకునేవాడు. కొలతలు తీసుకోవడం చూశాను గానీ కుట్టుకూలి ఇచ్చినవాణ్ణి చూడలేదని నేననేవాణ్ణి.

చెమ్మపట్టిన పియానో కావాలంటే నిజంగా చెమ్మపట్టినదాన్ని రికార్డు చెయ్యాలన్నాడు. అలాంటిది మా ఎరికలో ఒక్కటే ఉంది, డాన్సు స్కూల్లో. అంటే ఆ అమ్మాయి రోజూ వాయించేదే. నాకు మనసొప్పలేదు. పోటీదారు గోడౌన్లోంచి సరుకు తెచ్చి పోటీదారు మీదే అమ్మడం లాంటిది. బావమరిది అదేం పట్టించుకోలేదు. పైగా, పియానో మెట్లు నొక్కి పెట్టమని ఆ అమ్మాయినే అడిగాడు. ఒక్కో మెట్టునూ ఒకసారి మెత్తగా, ఒకసారి మామూలుగా, ఒకసారి గట్టిగా నొక్కాలి. ఏ రెండు మెట్లకూ తేడా రాకూడదు. ఆ పని మా ఆవిడ చేత్తో అయ్యేది కాదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు.

ఆ అమ్మాయి మంచిదే. ఎందుకని కూడా అడగకుండా కూర్చుంది. ఫ్యాన్లు ఆపాం, నీళ్ళ మోటారు ఆపించాం, వాన కాస్త తెరిపిచ్చినప్పుడల్లా మొదలుపెట్టాం. మెట్టు నొక్కాక ఆ మోత పూర్తిగా చచ్చిపోయేదాకా ఎవరూ కదలకూడదు. ఎవర్నీ లోపలికి రానీకుండా నన్ను తలుపు దగ్గర నిలబెట్టారు. అంతసేపు ఊపిరి బిగబట్టడం నాకు అలవాటు లేదు. కింది స్వరాల వైపు ఒక మెట్టు దగ్గర దగ్గొచ్చింది. బావమరిది నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. మళ్ళీ చేద్దామనేలోపు వాన దంచికొట్టడం మొదలైంది. అతను పెదవి విరిచి, ఆ మెట్టుని మెత్తగా నొక్కినప్పుడే వినిపిస్తుందిలే, పోనీ అన్నాడు. అలా నా దగ్గు ఆ పియానోలో ఉండిపోయింది.

మా ఆవిడ ఆ పూటంతా ఒక మూల కూర్చుని ఆ అమ్మాయి చేతినే చూసింది. తిరిగొచ్చేటప్పుడు గొడుగు కింద ఒకే ఒక్క మాట మాట్లాడింది.

"ఆ పిల్ల చిటికెన వేలు చూశారా. బొటనవేలుతో సమానంగా పడుతోంది."

చూడలేదన్నాను. అబద్ధం.

బావమరిది ఆ రికార్డింగులన్నీ కోసి, శుభ్రం చేసి, మెట్టుకి మెట్టు అమర్చి మా స్టేజ్ పియానోలో నలభయ్యో నెంబరు కింద పెట్టాడు. ఒక మధ్యాహ్నం షాపు తలుపు సగం దించి ఆమె చేత వాయింపించాడు. గోడ అవతల పాత పియానో, అచ్చం విజిల్ అడిగినట్టే ఉంది. వరస మాత్రం రాలేదు. కింది స్వరాలన్నీ పలికాయి, పై స్వరం ఉండాల్సిన చోట చిన్న చప్పుడు, ఒక్కోసారి అదీ లేదు. ఆమె మళ్ళీ వాయించింది. మళ్ళీ అంతే. రెండు చేతులూ ఒళ్ళోకి తీసుకుంది.

"ఒరేయ్, దీనికో చిటికెన వేలు పెట్టరా" అంది.

 తమ్ముడి చెవులు అప్పటికే నిక్కబొడుచుకున్నాయి. ఆ సాయంత్రానికల్లా నలభై ఒకటో నెంబరు తయారైంది. నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు: ఒకేసారి ఎన్ని మెట్లు నొక్కినా, వాటిలో అన్నిటికంటే పైనున్న ఒక్కదానికే ఒక తోడు స్వరం పలుకుతుంది. ఆ తోడుకి గట్టిగా నొక్కక్కర్లేదు, తాకితే చాలు. ఇంట్లో ఎంతమంది మాట్లాడినా పెద్దవాడి మాటే వినబడేట్టు ఏర్పాటన్నమాట.

ఆమె వాయించింది. వరస తేలి వచ్చింది. మా వైపు తిరక్కుండా అదే పాట మళ్ళీ మళ్ళీ వాయించింది. నేను సంతోషించాలి. కానీ డాక్టరు గుర్తొచ్చాడు. తాకితే చాలన్నప్పుడు ఆ వేలు ఇంక ఎందుకు నొక్కుతుంది? సుఖపెట్టొద్దని డాక్టరు చెప్పింది దీని గురించే కదా. ఆ మాటే అన్నాను. ఇన్నేళ్ళ వ్యాపారంలో తూకంలో వేలు పెట్టినవాణ్ణి కాననీ, ఇది అచ్చంగా అదేననీ కూడా అన్నాను.

"మీరు కళ్ళజోడు పెట్టుకుని బిల్లులు రాస్తారు. అది మోసమా?"

"కళ్ళజోడు పెట్టుకున్నాక కళ్ళు బాగుపడ్డవాణ్ణి నేనెక్కడా చూడలేదు."

బావమరిది హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి, వాన ఎలా ఉందో చూసొస్తానని బయటికి పోయాడు. మేం గొడవపడ్డప్పుడల్లా అతనికి వాన మీద శ్రద్ధ పుడుతుంది. ఆమె పియానో మీద గుడ్డ కప్పుతూ అంది:

"ముందు కుర్చీ నిలబడనీయండి. కుర్చీ పోయాక వేళ్ళు వచ్చి ఏం చేస్తాయి? బఠాణీలు ఒలుస్తాయా?"

ఫుల్ రిహార్సల్ నాడు ఆ అమ్మాయి ముందు వరసలో, పాటల కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. విజిల్ ఆమెకి రెండు కుర్చీల అవతల. నేను వేదిక పక్కన తెర చాటున నిలబడి, మా ఆవిణ్ణి కాదు, విజిల్ దవడనే చూస్తున్నాను. నచ్చకపోతే ఆ దవడ కదులుతుందని అందరూ అంటారు. మొదటి పాట అయింది. రెండోదీ అయింది. దవడ కదల్లేదు. నాకు ప్రాణం కుదుటపడుతుండగా మూడో పాట వచ్చింది.

అందులో ఒక చోట పాడేవాళ్ళకి ఎత్తుకోమని సైగ చెయ్యాలి. ఆమె కుడిచెయ్యి పైకెత్తింది. ఎత్తీ ఎత్తగానే పియానోలోంచి, పక్క గదిలో బరువైన బీరువాని ఈడ్చినట్టు ఒక మోత వచ్చింది. పాడేవాళ్ళు నోళ్ళు తెరిచి అలాగే ఉండిపోయారు. విజిల్ మోగింది.

హాలు వెనక మిక్సరు దగ్గర బావమరిది తల పట్టుకోవడం కనిపించింది. జరిగిందేమిటో తర్వాత చెప్పాడు. పైనున్నవాడికే తోడు పలకాలని సౌండుకి నేర్పాడు గానీ, పైవాడు లేచి బయటికెళ్తే కిందివాడే పెద్దవాడవుతాడని అతనికి తట్టలేదు. కుడిచెయ్యి లేవగానే ఎడమచేతి కింద మోగుతున్న లోతు స్వరానికి తోడు అంటుకుంది. షాపులో ఇది ఎప్పుడూ జరగలేదు. అక్కడ సైగ చెయ్యడానికి పాడేవాళ్ళెవరూ లేరు మరి.

విజిల్ నడుచుకుంటూ పియానో దగ్గరికి వచ్చాడు. ఇక అయిపోయిందనుకున్నాను. మళ్ళీ వాయించమంటాడు, కుడిచెయ్యి తీసి పెట్టి వాయించమంటాడు. ముందు వరసలో కూర్చున్న పిల్లకి పియానో తెలుసు, దాని చేత పరీక్ష చేయిస్తాడు. అంతే, కుర్చీ పోతుంది.

"ఏమిటది?" అన్నాడు.

ఆమె తాపీగా ఆయన వైపు తిరిగింది.

"ఇంటి ఓనరు సార్. తలుపు అవతల నిలబడ్డాడు. వద్దంటే తీసేస్తాం."

నాటకంలో ఇంటి ఓనరు ఒకడున్నాడు, అద్దెకుండేవాళ్ళని ఖాళీ చేయించడానికి అస్తమానం వస్తుంటాడు. విజిల్ తన విజిల్‌తో చెవి వెనక గోక్కున్నాడు. ఆ గోకడం అయ్యేలోపు నేను షాపుకి తాళం వేసి వేరే వ్యాపారం పెట్టే దాకా ఆలోచించాను.

"తీసేయొద్దు. ఆయన వచ్చిన ప్రతిసారీ అది కావాలి" అన్నాడు.

సొట్టపోయిన మెషీన్లని బాగా ఆడినవని చెప్పి అంటగట్టినవాణ్ణి నేను. కానీ పాడైన సరుకుని అంత నిబ్బరంగా, అదే ప్రత్యేకమన్నట్టు అమ్మడం నా వల్ల ఎన్నడూ కాలేదు. బావమరిది ఆ మోతని విడిగా నలభై రెండులో పెట్టి, నలభై ఒకటిలో తోడు స్వరం పైసగం మెట్లు దాటి కిందికి దిగకుండా కట్టేశాడు. అంతా బాగానే ఉంది. ఆ అమ్మాయి మాత్రం వెళ్ళేముందు మా ఆవిడ వైపు కాకుండా, పియానో వైపు చాలాసేపు చూసింది. ఆ చూపు నాతోపాటు ఇంటికొచ్చింది.

నాటకం ఆడటం మొదలైంది. వాన ఎంత కురిస్తే హాలు అంత నిండేది. నాకు నిద్ర సరిగ్గా పట్టేది కాదు. ఆ పిల్ల ఎప్పుడు వెళ్ళి విజిల్‌తో చెబుతుందోనని ఒక బెంగ. దానికంటే పెద్ద బెంగ స్పాంజి బంతి. మొదట్లో అది ఇల్లంతా తిరిగేది. ఒకపూట దిండు పక్కన, ఒకపూట పొయ్యి గట్టు మీద. ఇప్పుడు కిటికీ దగ్గర ఒకే చోట ఉండి దుమ్ము పట్టింది. కదలని సరుకు అంటే చచ్చిన సరుకని నాకు తెలిసిన విద్య. ఒకరోజు ఉండబట్టలేక బంతి ఆమె ముందు పెట్టాను. చెయ్యి లాగేస్తోంది, ఇప్పుడు కాదంది. తాకితే చాలనే పియానో వాయించి చెయ్యి లాగడమేమిటి? సాకులు చెబుతోందనుకున్నాను. కుర్చీ మిగిలి చెయ్యి పోయేట్టుందనుకున్నాను.

బావమరిదిని పక్కకి పిలిచి, ఆ తోడు స్వరాన్ని వారం వారం కొంచెం తగ్గించమన్నాను. మీ అక్కకి చెప్పకుండా చెయ్యి, తెలియకుండానే వేలు పని చెయ్యాల్సొస్తుందన్నాను. అతను చివరిదాకా విని తల అడ్డంగా ఊపాడు.

"అక్క చొక్కా కొలతలు అక్కకి చెప్పకుండా మార్చను బావా. అంతగా అయితే నువ్వే చెప్పు."

తర్వాత, వైర్లు చుట్టుకుంటూ, నా మొహం చూడకుండా అన్నాడు: "అయినా అక్క వాయిస్తుంటే నువ్వెప్పుడైనా విన్నావా?"

దెప్పుతున్నాడనుకున్నాను. పౌరుషమొచ్చి, ఆ సాయంత్రం హాల్లో కాకుండా తెర పక్కన, ఆమె కుర్చీకి చెయ్యి చాపితే అందేంత దగ్గరలో స్టూలు వేసుకుని కూర్చున్నాను.

ఇంటర్వెల్‌కి ముందు వచ్చేది పెద్ద పాట. ఖాళీ చేయబోయే ఇంట్లో కిటికీ దగ్గర నిలబడి ఒకావిడ పాడుతుంది, పియానో వరస ఆమెతోపాటే నడవాలి. పాట సగంలో ఉండగా నా కళ్ళు పియానో మీది చిన్న స్క్రీను మీద పడ్డాయి. నలభై.

 పొరపాటున పక్క నెంబరు నొక్కింది. తోడు లేదు. హాలు నిండా జనం, విజిల్ తన మూలలో ఉన్నాడు. నేను చెయ్యి చాపి నలభై ఒకటి నొక్కగలను. కానీ నెంబరు మారిస్తే మోగుతున్న స్వరాలు మధ్యలో తెగిపోతాయని బావమరిది చాలాసార్లు చెప్పాడు. ఆమెకి చెబుదామంటే కళ్ళు పాడే మనిషి మీదున్నాయి. చాపిన వేలు అలాగే గాల్లో పెట్టుకుని, జీవితంలో మొదటిసారి, వినడం మొదలుపెట్టాను.

పై స్వరం వచ్చింది. పల్చగా, కానీ వచ్చింది. తర్వాతది వచ్చింది. ప్రతి స్వరానికీ ముందు నా ఊపిరి ఆగుతోంది. ఒకచోట రాలేదు.  ఆ మనిషి పాడుతూనే ఉంది, జనం వింటూనే ఉన్నారు. మళ్ళీ వచ్చింది. గోడ అవతల ఎవరో అలిసిపోయినవాళ్ళు, అయినా ఆపకుండా వాయిస్తున్నట్టుంది. పాట అయిపోయింది. తెర పడింది. నా వేలు ఇంకా గాల్లోనే ఉంది.

ఆమె మోచెయ్యి రుద్దుకుంటూ నా వేలు వైపు చూసింది.

"నలభై మీద ఉంది" అన్నాను.

"తెలుసు."

"పొరపాటున..."

"చాన్నాళ్ళుగా నలభయ్యే. ముందు ఒక పాటకి, తర్వాత రెండింటికి. ఇప్పుడు చివరి పాటకి మాత్రం నలభై ఒకటి. అప్పటికి చిటికెన వేలు అలిసిపోతుంది. నేనేం పంతానికి వాయించట్లేదు."

తమ్ముడికి తెలుసా అని అడిగాను. మొదటి రోజే కనిపెట్టాడంది. చెవులపిల్లి కదా. మరి స్పాంజి బంతి అన్నాను. నాటకమంతా పియానో పిసికాక ఇంటికొచ్చి దాన్ని ఎవరు పిసుకుతారంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ఒక్కొక్క స్వరం దగ్గరా ఊపిరి బిగబడతారు. మీరు కుర్చీలు చూసుకుంటుంటేనే నాకు నిమ్మళం."

 ఎందుకన్నానో తెలియదు, ఒకచోట పై స్వరం పడలేదన్నాను. ఆమె చెయ్యి రుద్దడం ఆపింది.

"ఏ చోట?"

"కిటికీ మూసే మాట దగ్గర."

ఆమె నా మొహంలోకి కొత్తగా చూసింది.

"రెండుచోట్ల పడలేదు" అంది. "రెండోది మీకు దొరకలేదు."

వానలు వెనకబట్టాయి, నాటకం ముగిసింది. చివరికి తేలింది చెబుతాను. స్టేజ్ పియానో ఇంకో సొట్టతో తిరిగొచ్చింది. కుర్చీ ఆమెదే. ఉంగరం వేలు పూర్తిగా దారికొచ్చింది. చిటికెన వేలు కొంత తక్కువలోనే నిలిచిపోయింది, ఇక అంతేనేమో అంటున్నాడు డాక్టరు. నలభై ఒకటిని చెరిపేయబోతే ఆమె చెరపనివ్వలేదు. డాన్సు స్కూలు అమ్మాయి ఒకరోజు షాపుకొచ్చి, తమ ప్రదర్శనకి ఆ పియానో, ఆ నలభయ్యో నెంబరుతో సహా, అద్దెకిస్తారా అని అడిగింది. రిహార్సల్ నాడు వినగానే పోల్చుకుందట. తన వేళ్ళు తనకి తెలియవా అంది. వాటి పైన ఇంకేదో పలుకుతోందని కూడా అప్పుడే తెలిసిందట. మరి విజిల్‌కి చెప్పలేదేం అని నోరు జారాను. ఆయన నన్నడగలేదుగా అంది. వేళ్ళు ఆమెవైతే అద్దె ఎలా అడుగుతామని మా ఆవిడ నా వైపు చూసింది. ఊరికే ఇచ్చాను. నా దగ్గు కూడా దాంతోపాటే పోయింది.

మొన్న కొత్త నాటకం మొదటి ఆట. అయిపోయాక వైర్లు చుడుతూ బావమరిది, హాలు ఎంతవరకు నిండింది బావా అని అడిగాడు.

చూసుకోలేదన్నాను.